స్కోరుకార్డుకు ఎక్కని క్యాచ్

వేసవి శనివారం వచ్చిందంటే హెండర్సన్‌లో మా తెలుగు కుటుంబాలు సగం పార్కులోనే ఉంటాయి. పడమటి వైపు వైటాకెరే కొండలు, మైదానంలో పిల్లల క్రికెట్, గట్టు మీద మడత కుర్చీలు, ఫ్లాస్కుల్లో టీ, డబ్బాల్లో పులిహోర. పిల్లలు ఆడుతుంటే పెద్దలం పాత మ్యాచ్‌లు తవ్వుకుంటూ కూర్చుంటాం.

మొన్న ఫిబ్రవరిలో ఒక శనివారం మా పదకొండేళ్ల వాడు కవర్స్‌లో నిలబడ్డాడు. రెండుసార్లు పక్కకు దూకి, ఫోర్‌కు పోయే బంతుల్ని ఆపాడు. బ్యాటింగ్‌లో చేసింది మాత్రం రెండు పరుగులు. ఒక ఓవర్ వేశాడు, వికెట్ పడలేదు. ఆట అయ్యాక ఫోన్‌లో స్కోరు చూసి నలుగురి ముందూ అనేశాను: "ఏంట్రా, ఇవాళ రెండేనా?"

వాడు బదులు చెప్పలేదు. కిట్ బ్యాగు కారులో పడేసి, "వచ్చే వారం నేను రాను నాన్నా" అన్నాడు.

మా మిత్రుడి తండ్రి అక్కడే ఉన్నారు. సికింద్రాబాద్ నుంచి కొడుకు దగ్గరికి వచ్చారు. మాకు బాబాయ్, పిల్లలందరికీ తాతయ్య. "వాడు ఆపిన ఎనిమిది పరుగులు ఎవరి ఖాతాలో వేశావయ్యా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్నతో కబుర్లన్నీ ఫీల్డింగ్ మీదికి మళ్లాయి. విజయవాడ మిత్రుడు అజారుద్దీన్ పేరెత్తాడు. పాయింట్‌లో ఒంటిచేత్తో బంతి అందుకుని, నడుము వంచిన చోటు నుంచే మణికట్టుతో విసిరే ఆ త్రో మా తరానికి గుర్తుండిపోయింది. వన్డేల్లో ఆయన క్యాచ్‌లు 156. మరొకరు లక్ష్మణ్‌ను తలుచుకున్నారు. 134 టెస్టుల్లో 135 క్యాచ్‌లు పట్టినా, ఎవరిని అడిగినా చెప్పేది ఈడెన్ గార్డెన్స్‌లో కొట్టిన 281 గురించే.

బాబాయ్ ఇంకా వెనక్కి వెళ్లారు. ఒక కంటి చూపు పోయినా కవర్స్‌లో పులిలా కాపు కాసిన పటౌడీ, హెల్మెట్ లేని రోజుల్లో బ్యాటర్ పక్కనే వంగి నిలబడిన ఆబిద్ అలీ. ఇద్దరూ రంజీల్లో హైదరాబాద్‌కు ఆడినవారే. 1968లో పటౌడీ జట్టు ఈ దేశంలోనే సిరీస్‌ను 3-1తో గెలిచింది. విదేశంలో భారత్‌కు అదే తొలి సిరీస్ విజయం. చివరి టెస్టు జరిగిన ఈడెన్ పార్క్ మాకు దూరమేమీ కాదు. హెండర్సన్ స్టేషన్‌లో రైలెక్కి కింగ్స్‌ల్యాండ్‌లో దిగితే నడిచి వెళ్లొచ్చు. ఆబిద్ అలీ తర్వాత మనలాగే దేశం దాటి కాలిఫోర్నియాలో స్థిరపడ్డారు. 2025 మార్చిలో అమెరికాలోనే కన్నుమూశారు.

"1971 ఓవల్ టెస్టు అంటే అందరూ చంద్రశేఖర్ 6 వికెట్లు అంటారు. నిజమే, 38 పరుగులకు 6. ఇంగ్లండ్ 101కే ఆలౌట్. కానీ ఆ క్యాచ్‌లు పట్టింది ఎవరు?" అన్నారు బాబాయ్. అప్పుడాయన హైస్కూల్లో ఉన్నారట. పక్కింటి రేడియో ముందు వీధి వీధంతా చేరిందట. ఫ్లెచర్‌ను, నాట్‌ను పట్టింది సోల్కర్. గెలుపు ఫోర్ కొట్టింది మన ఆబిద్ అలీ. ఇంగ్లండ్ గడ్డపై భారత్‌కు అదే తొలి టెస్టు విజయం.

"మరి డొలివీరా క్యాచ్?" అని ఆగారు. మాలో ఎవరికీ తెలియదు.

ఆ క్యాచ్ పట్టింది కెనియా జయంతిలాల్. హైదరాబాద్ ఓపెనర్. ఆడింది ఒక్కటే టెస్టు, అదే ఏడాది జమైకాలో. చేసింది 5 పరుగులు. ఓవల్‌లో తుది జట్టులో లేరు, సబ్‌స్టిట్యూట్‌గా దిగారు. స్కోరుకార్డులో ఆ క్యాచ్ 'సబ్' అనే పడింది. సబ్‌స్టిట్యూట్ పట్టిన క్యాచ్ అతని కెరీర్ లెక్కల్లో కలవదు. చరిత్రలో నిలిచిన గెలుపులో ఆయన చెయ్యి ఉంది, ఖాతాలో మాత్రం లేదు.

పక్క మైదానంలో ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ నడుస్తోంది. పురుషుల సాఫ్ట్‌బాల్‌లో న్యూజిలాండ్ ఏడుసార్లు ప్రపంచ విజేత. ఇక్కడివాళ్లకు ఆ ఆటంటే అంత ప్రాణం. స్కోరు రాస్తున్న ఒక తల్లి పుస్తకంలో '6-4-3' అని కనిపిస్తే బాబాయ్ ఆగి అడిగారు. ఆమె ఓపిగ్గా వివరించింది. 6 అంటే షార్ట్‌స్టాప్, 4 సెకండ్ బేస్, 3 ఫస్ట్ బేస్. షార్ట్‌స్టాప్ బంతిని అందుకుని సెకండ్ బేస్‌కు విసిరింది, అక్కడి నుంచి ఫస్ట్ బేస్‌కు. ఒకే బంతికి ఇద్దరు అవుట్. బేస్‌బాల్‌లోనూ ఇదే పద్ధతి. అవుట్ చేసినవారితో పాటు బంతి అందించినవారికీ లెక్కలో చోటుంటుంది. చేజారిస్తే ఆ తప్పూ అదే పుస్తకానికి ఎక్కుతుంది.

"చూశావా, చెయ్యి వేసిన ప్రతివాళ్లనూ రాసుకున్నారు" అన్నారు బాబాయ్.

ఇంటికి వెళ్తూ కారులో మావాడికి సారీ చెప్పాను. "నువ్వు ఆపిన రెండు బంతులూ నేను చూశాను, ముందు ఆ మాటే చెప్పాల్సింది" అన్నాను. వాడు కిటికీలోంచి బయటికే చూస్తూ, "రెండోది బాగా వచ్చింది కదా?" అన్నాడు. మోచెయ్యి గీరుకుపోయి ఉంది. అప్పటిదాకా నేను గమనించనే లేదు.

మరుసటి శనివారం వాడు వచ్చాడు. బాబాయ్ ఒక చిన్న నోట్‌బుక్కు, పెన్సిలు తెచ్చారు. ఎవరు ఏ బంతి ఆపారో, ఎవరి త్రో వికెట్ల మీదికి వచ్చిందో మావాడికే కాదు, రెండు జట్ల పిల్లలకూ రాశారు. బాబాయ్ వీసా గడువు ఏప్రిల్ దాకానే. ఆ తర్వాత రాసే పని నాది.