గుండెజబ్బు – వంశదోషము – వృథానింద

ఆరోగ్యవంతుడని అందఱును తలచుచున్న పడుచువాడు పరుగెత్తుచునో, ఆటలాడుచునో కుప్పకూలి ప్రాణములు విడిచినచో మన యిండ్లలో వినవచ్చు మాటలు క్రొత్తవి కావు. దృష్టి తగిలినదని యొకరు, గాలి సోకినదని యొకరు, క్రొత్తకోడలు కాలుపెట్టిన వేళ మంచిది కాదని వేఱొకరు చెప్పుదురు. మా హసన్‌పర్తివంటి యూళ్లలోనే కాదు, పట్టణములలోను ఈ మాటలు వినబడుచునే యున్నవి. నిరపరాధియైన యొక యాడుది జన్మాంతము మోయవలసిన నింద యిట్లు పుట్టుచున్నది. కావున ఈ విషయమున శాస్త్రజ్ఞులు కనుగొన్న సంగతులను సోదరీమణుల యెదుట నుంచ నెంచితిమి.

గుండె పిడికిలియంత కండరము. దినమునకు దాదాపు 1,00,000 సారులు కొట్టుకొనును. కొన్ని కుటుంబములలో ఈ కండరమే పుట్టుకతో వచ్చిన దోషముచేత క్రమముగా దళసరి యగును. ముఖ్యముగా క్రింది రెండు గదుల నడిమి గోడ మందమై, నెత్తురు వెడలుటకు అడ్డు తగులును. గుండె లయయు తప్పును. ప్రతి 500 మందిలో ఒకరికి ఈ వ్యాధి యుండునని వైద్యుల యంచనా. మఱికొందఱికి గుండె సాగి, గోడలు పలుచబడి, బలము తగ్గును.

కండరము చక్కగానే యుండి, లయ మాత్రము తప్పు కుటుంబములును కలవు. ప్రతి స్పందనమునకును గుండెలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. పిమ్మట గుండె తిరిగి సిద్ధపడుటకు కొంత వ్యవధి కావలెను. ఆ వ్యవధి మితిమీరినచో దానిని ‘లాంగ్ క్యూటీ’ యందురు. ఇట్టివారు పరుగెత్తునపుడు, ఈదునపుడు, హఠాత్తుగా పెద్ద శబ్దము విన్నపుడు తెలివితప్పి పడిపోవుదురు. చూచువారు దీనిని మూర్ఛరోగమని భ్రమపడుదురు. 1957లో జెర్వెల్, లాంగె-నీల్సన్ అను నార్వే వైద్యు లిద్దఱు ఒక కుటుంబమును పరీక్షించిరి. అందు నలుగురు బిడ్డలు పుట్టుచెవిటివారు; తెలివితప్పి పడిపోవుచుండిరి. వారిలో ముగ్గురు బాల్యముననే హఠాత్తుగా మరణించిరి. తల్లిదండ్రులకు మాత్రము చెవులు చక్కగా వినబడుచుండెను. తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి దోషముగల జన్యువులు రెండును బిడ్డయందు కలిసినపుడే యిట్టి తీవ్రరూపము కలుగును. మేనరికములందు ఒకే దోషము ఉభయులయందును ఉండు నవకాశము హెచ్చు.

మన హైదరాబాదులోని సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీకి చెందిన కుమారస్వామి తంగరాజ్‌గారును వారి సహచరులును 2009లో ‘నేచర్ జెనెటిక్స్’ పత్రికయందు ఒక విశేషమును ప్రకటించిరి. జన్యువనగా శరీరనిర్మాణమునకై వ్రాసియుంచిన యాజ్ఞాపత్రము వంటిది. గుండెకండరమునకు సంబంధించిన ‘ఎం.వై.బి.పి.సి.3’ అను జన్యువునందు 25 అక్షరములు లోపించుట దక్షిణాసియావారిలో నూటికి నలుగురియందు కనబడినదట. ఇట్టి లోపముగల పెక్కుమంది నడివయస్సువరకు ఆరోగ్యముగనే యుందురు. ఆలోగా బిడ్డలు కలిగి, లోపము తరువాతి తరమునకు చేరిపోవును. అయినను లోపముగల వారందఱును రోగులు కారు. అమెరికాలోని దక్షిణాసియా సంతతివారిని పరీక్షించి 2018లో ప్రకటించిన పరిశోధన, అదే జన్యువునందు మఱియొక మార్పు తోడైనవారికే ముప్పు హెచ్చని సూచించినది. ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యుశాస్త్ర శాఖయందును హృదయకండర వ్యాధులనుగూర్చి పరిశోధనలు జరిగినవి.

ఈ జబ్బులలో పెక్కింటియందు తల్లిదండ్రులలో ఒకరికి దోషమున్నచో, ప్రతి బిడ్డకును అది సంక్రమించుటకు సగముపాలు అవకాశము కలదు. కొడుకైనను కూతురైనను ఒక్కటే. వేఱింటినుండి వచ్చిన కోడలి జాతకమునకును, అత్తవారి రక్తములో తరతరములుగ నున్న దోషమునకును సంబంధ మేమి?

గృహిణులు చేయదగిన పని యొకటి కలదు. ఒక పుస్తకమున పుట్టినింటివారివి, అత్తవారివి మూడు తరముల వివరములు వ్రాసియుంచుడు. నలువది, ఏబదియేండ్లు దాటకమునుపే హఠాత్తుగా పోయినవా రెవరు? పరుగులోనో, భయములోనో తెలివితప్పినవా రెవరు? ఈత వచ్చియు నీట మునిగినవారు కలరా? ఇట్టివారున్నచో వారి తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, బిడ్డలకు ఇ.సి.జి., ఎకో పరీక్షలు చేయింపవలెను. హసన్‌పర్తి ప్రాంతమువారికి వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రి సమీపముననే యున్నది. ఒకమారు పరీక్ష బాగున్నదని యూరకుండరాదు. వైద్యులు చెప్పిన వ్యవధికి మరల చూపించుకొనవలెను. గుండెవేగమును తగ్గించు బీటా బ్లాకరు మందులు కలవు. ముప్పు హెచ్చుగా నున్నవారికి లయ తప్పినంతనే సరిదిద్దు చిన్నయంత్రమును చర్మముక్రింద అమర్చుదురు. లాంగ్ క్యూటీ కలవారికి కొన్ని సాధారణపు మందులే ప్రమాదకరములు. కావున ఏ వైద్యునియొద్దకు పోయినను ఆ సంగతి ముందుగా చెప్పవలెను.

ఎవరైనను పడిపోయి, పిలిచిన పలుకక, ఊపిరి తీయకున్నచో చేతిలో తాళపుచెవులు పెట్టుచు, ఉల్లిపాయ వాసన చూపుచు కాలము పుచ్చరాదు. ఒకరు 108కు ఫోను చేయవలెను. వేఱొకరు రెండు చేతులతో ఱొమ్ము నడుమ నిమిషమునకు 100 మొదలు 120 సారులు గట్టిగా అదుమవలెను. సాయము వచ్చువఱకు మానరాదు.

సంబంధములు చూచునపుడు గోత్రము, నక్షత్రము విచారించు పెద్దలు ఈ సంగతియు విచారించుట మంచిది. దోషము బయటపడినంతమాత్రమున పిల్లను కాని పిల్లవానిని కాని త్రోసివేయుమని మా యభిప్రాయము కాదు. ముందు తెలిసినచో మందును జాగ్రత్తయు కలవు. మేనరికము విషయమున వైద్యుల సలహా పొందవచ్చును. దాచినచో ఆ కీడు పసిబిడ్డల పాలగును.