అక్షరాల గారడీ – అర్థాల చిక్కుముడి

మా కుసుమంచిలో ఒకనాడు ఇంగ్లీషు మాస్టారు సెలవు పెడితే ఎనిమిదో తరగతికి నేను వెళ్ళాను. నేను చెప్పేది సైన్సు. అయినా నల్లబల్ల మీద 'లిజన్' అనే ఇంగ్లీషు మాట రాశాను. వినడం అని దాని అర్థం. వెనక బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచాడు.

"సార్! ఇందులో 'టి' పలకదు కదా. పలకని అక్షరం రాయడం దేనికి? అది మరిచిపోతే మార్కులు తీసెయ్యడం దేనికి?"

తరగతి అంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. తెలుగులో చదువుకునే మన పిల్లలకు ఇంగ్లీషంటే భయం మొదలయ్యేది ఇక్కడే. అందుకని ఆ పూట పాఠం పక్కన పెట్టి అతనితో ఒక ఆట ఆడించాను.

'లిజన్'లో ఉన్న అక్షరాలు ఆరు: ఎల్, ఐ, ఎస్, టి, ఇ, ఎన్. వీటినే ఎస్, ఐ, ఎల్, ఇ, ఎన్, టి అని వరుస మార్చి రాయండి. 'సైలెంట్' వచ్చింది! నిశ్శబ్దం అని అర్థం. ఇలా ఒక మాటలోని అక్షరాలన్నిటినీ, ఒక్కటీ వదలకుండా, ఒక్కటీ కలపకుండా, తారుమారు చేసి మరో మాట పుట్టిస్తే దాన్ని 'అనగ్రామ్' అంటారు. వింత గమనించారా? వినడం అనే మాటలో నోరు మూసుకున్న 'టి', నిశ్శబ్దం అనే మాటలో నోరు విప్పింది!

ఆరు అక్షరాలను ఎన్ని విధాలుగా పేర్చవచ్చు? మొదటి స్థానంలో ఆరింటిలో ఏదైనా పెట్టవచ్చు. రెండో స్థానానికి అయిదు మిగులుతాయి, మూడో స్థానానికి నాలుగు. ఇలా 6×5×4×3×2×1 = 720 విధాలు. వీటిలో అర్థమున్న మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అంటే మాటకు ప్రాణం అక్షరాలలోనే లేదు, వాటి వరుసలోనూ ఉంది.

మరి తెలుగులో ఈ ఆట లేదా? ఎందుకు లేదు! 'కలప' తిరగేస్తే 'పలక'. 'కడప' తిరగేస్తే 'పడక'. అయితే ఒక తేడా ఉంది. ఇంగ్లీషులో హల్లు వేరు, అచ్చు వేరు. విడివిడిగా కదులుతాయి. మన లిపిలో హల్లూ అచ్చూ కలిసి ఒకే అక్షరం అవుతాయి. గుణింతం గుర్తు తన హల్లును విడిచి పోదు. అందుకే తెనాలి రామకృష్ణుని కథలో వచ్చే 'వికటకవి' ఎటునుంచి చదివినా ఒకటే. దాన్నే ఇంగ్లీషు అక్షరాలలో రాసి వెనకనుంచి చదవండి. ఐ, వి, ఎ, కె అంటూ మొదలై అర్థం లేని మాట వస్తుంది. ఇక 'మలయాళం' తెలుగులో తిరగేస్తే కుదరదు, ఇంగ్లీషు అక్షరాలలో రాస్తే ఎటునుంచైనా ఒకటే! మాట అదే, లిపి మారితే ఆట నియమం మారిపోయింది.

ఇదంతా పిల్లల కాలక్షేపమని అనుకోకండి. మీరు చదువుకునే హుక్ సూత్రం మొదట లోకానికి తెలిసింది అనగ్రామ్‌గానే. స్ప్రింగు ఎంత సాగితే అంత బలం చూపుతుందని రాబర్ట్ హుక్ కనిపెట్టాడు. వెంటనే బయటపెట్టడం ఆయనకు ఇష్టం లేదు. ఆలస్యం చేస్తే ఆ కీర్తి ఇంకొకరు కొట్టుకుపోతారేమో! అందుకని 1676లో ఆ లాటిన్ వాక్యంలోని 14 అక్షరాలను అకారాది క్రమంలో పేర్చి ఒక పుస్తకం చివర అచ్చు వేయించాడు. 1678లో తానే ముడి విప్పి చెప్పాడు. అక్షరాలు తాళం, వరుస తాళంచెవి.

అక్షరాలూ మారక, వరుసా మారక, అర్థం మాత్రం మారే మాటలు కూడా ఉన్నాయి. మా దగ్గర పాలేరు ఒక ఏరు. పొలం పనికి కుదిరినవాడూ పాలేరే. ఇక్కడ చిక్కు అక్షరాలలో కాదు, అర్థంలో. ఇది ఇంకా ముదిరితే 'పారడాక్స్' అవుతుంది.

కొన్ని పారడాక్సులు పైకి విరుద్ధంగా కనిపించి, ఆలోచిస్తే విడిపోతాయి. "చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క లేదు" అంటే తప్పులా ఉంటుంది. సముద్రం మీద ఉన్నవాడి మాట అని తెలిస్తే సరిపోతుంది. తెలుగు వాచకంలో దీన్నే విరోధాభాసం అంటారు.

కొన్ని మాత్రం విడిపోవు. ఒక పలక తీసుకోండి. ఒకవైపు "వెనకవైపు వాక్యం నిజం" అని రాయండి. రెండోవైపు "ముందువైపు వాక్యం అబద్ధం" అని రాయండి. ముందుది నిజమైతే వెనకది నిజం. వెనకది నిజమైతే ముందుది అబద్ధం! సరే, ముందుది అబద్ధమే అనుకోండి. అప్పుడు వెనకది అబద్ధం. కాబట్టి ముందుది నిజం! పలక తిప్పుతూ పోవలసిందే. 1913లో ఫిలిప్ జోర్డెయిన్ అనే ఆంగ్ల గణితవేత్త ఒక కార్డు మీద చెప్పిన చిక్కు ఇది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే మన దేశంలో భర్తృహరి తన 'వాక్యపదీయం'లో, తాను చెప్పేదంతా అబద్ధమే అనే మాటలోని చిక్కును చర్చించాడు.

1931లో కుర్ట్ గోడెల్ ఇలాంటి చిక్కునే గణితంలోకి తెచ్చాడు. "నన్ను నిరూపించలేరు" అని తన గురించి తానే చెప్పుకునే వాక్యాన్ని అంకెలతో నిర్మించాడు. అంకగణితానికి మనం ఎంత జాగ్రత్తగా నియమాలు రాసిపెట్టినా, వాటిలో పరస్పర విరోధం లేనంతవరకు, ఆ నియమాలతో నిరూపించనూ లేని, కొట్టివేయనూ లేని వాక్యాలు మిగిలే ఉంటాయని తేల్చాడు.

చూశారా! అనగ్రామ్‌కు జవాబు ఉంటుంది, ఓపికగా వెతకాలి. పలక మీది చిక్కుకు జవాబు లేదు, ఎందుకు లేదో తెలుసుకోవడమే జవాబు. ఏ ప్రశ్న ఏ రకానిదో గుర్తుపట్టడం సైన్సు విద్యార్థికి చాలా అవసరం.

గంట కొట్టాక ఆ కుర్రవాడు నా దగ్గరికి వచ్చి, "సార్! ఇక 'టి' మరిచిపోను. అది తీసేస్తే సైలెంట్ రాదు" అన్నాడు. నాకు అంతకంటే ఏం కావాలి!

మీకు రెండు ప్రశ్నలు. భూమి అని అర్థమిచ్చే 'ఎర్త్' అక్షరాలు తారుమారు చేస్తే మన శరీరంలోని ఏ అవయవం వస్తుంది? 'మూడక్షరాలు' అనే మాటలో మూడక్షరాలు లేవు, లెక్కపెట్టండి. అలాగైతే తన గురించి తాను నిజం చెప్పే మాట ఏది: నాలుగక్షరాలా, ఐదక్షరాలా, ఆరక్షరాలా?