మోటారు సైకిలుకు రక్షణ: బండికా, మనిషికా?

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా సాగును. పూర్వము దీనిని 9వ నంబరు రహదారి అనెడివారు. మిర్యాలగూడ నుండి హుజూర్‌నగర్ మీదుగా వచ్చు మార్గము కోదాడ వద్ద దీనిని చేరును. తిన్నని రోడ్డు, చురుకైన స్పోర్ట్స్ మోటారు సైకిలు, ఇరువది యేండ్ల వయస్సు, ఈ మూడును కలిసినచోట వేగమును గూర్చి ఉపదేశములు చేయుటకంటె వేగమనగా నేమో లెక్క కట్టి చూపుట మేలు.

కొత్త బండి కొన్న యువకుడు మొదట అడుగు ప్రశ్న ఒకటే: "దీనికి ఏ గార్డు వేయించవలెను?" ప్రశ్న మంచిదే. కాని అందులో రెండు ప్రశ్నలు దాగియున్నవి. బండిని కాపాడునదేది? మనిషిని కాపాడునదేది? ఈ రెంటికిని జవాబు ఒకటి కాదు.

మొదట బండి సంగతి చూతము. 160 కిలోల బండి స్టాండు సరిగా పడక నిలిచినచోటనే ప్రక్కకు ఒరిగినదనుకొందము. దాని గరిమనాభి సుమారు పావు మీటరు క్రిందికి దిగును. అప్పుడు వెలువడు శక్తి 160ని 9.8తోను, 0.25తోను గుణింపగా దాదాపు 400 జౌల్‌లు. అదే బండి గంటకు 60 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 16.7 మీటర్ల వేగముతో పోవుచుండగా దాని గతిజశక్తి 22,000 జౌల్‌లకు పైబడును. అంటే యేబది అయిదింతలు! బజారులో దొరకు ఏ గార్డు కూడ ఈ 22,000 జౌల్‌లను తాను మ్రింగజాలదు. పడిన బండి రోడ్డుపై జారుచు ఘర్షణ ద్వారా ఆ శక్తిని ఖర్చు చేసికొనవలసినదే. గార్డు పని మొదటి 400 జౌల్‌ల దెబ్బను కాచుకొనుట, ఆ తరువాత బండిని నెమ్మదిగా జారనిచ్చుట.

స్పోర్ట్స్ బండ్లకు అమర్చు "ఫ్రేము స్లైడరు" సరిగా ఈ పనికే పుట్టినది. ఇది నైలాను వంటి గట్టి ప్లాస్టిక్‌తో చేసిన గుండ్రని దిమ్మె. ఇంజనును ఫ్రేముకు బిగించు బోల్టుల చోట దీనిని అమర్తురు. బండి పడినపుడు ఇది ముందుగా నేలను తాకి, తాను అరుగుచు, ఇంజను మూతలను కాపాడును. మూత పగిలి నూనె కారినచో అది వెనుక చక్రము క్రిందికే పోవచ్చును గనుక ఈ రక్షణ చిన్నది కాదు. అయితే ఒక చిక్కు కలదు. రోడ్డుకును బండికిని నడుమ ఘర్షణ గుణకము 0.4 అనుకొన్నచో 60 కిలోమీటర్ల వేగమున పడిన బండి 35 మీటర్లు జారి ఆగును. అది 0.3కు తగ్గినచో 47 మీటర్లు పోవును. నునుపైన దిమ్మె బండికి గీతలు తగ్గించును గాని, దానిని మరికొంత దూరము పంపును.

ఎన్నుకొనునపుడు దిమ్మె పొడవును చూడవలెను. ప్రక్కకు పొడుచుకొని వచ్చిన దిమ్మెపై బలము పడినపుడు బోల్టు మొదట బలభ్రామకము ఏర్పడును. పొడవు 5 సెంటీమీటర్లకు బదులు 10 అయినచో భ్రామకము రెట్టింపగును. బోల్టు వంగిన కొద్ది ఖర్చుతో పోవును, ఇంజను పోతలోని చెవి విరిగిన పెద్ద ఖర్చు. స్పోర్ట్స్ బండికి ప్రక్కల ఫెయిరింగు ఉండుటచే దిమ్మె దానిని దాటి బయటికి రావలెను. కావున పొడవు కొంత తప్పదు. ఫెయిరింగుకు రంధ్రము చేయనక్కరలేని రకములు కూడ వచ్చినవి. వాటిలో దిమ్మెను వంకర బద్దెతో ప్రక్కకు జరిపి బిగింతురు. ఆ బద్దె మెలిపడుటకు సులువు. రంధ్రము చూపునకు బాగుండకపోవచ్చును, అయినను బోల్టుకు తిన్నగా బిగించినదే బలమైనదని నా అభిప్రాయము.

ఇక ఇనుప గొట్టపు గార్డు. వెల్డింగు దుకాణములో మందపు గొట్టము వంచి చేయించుకొని, "ఇది లారీకి తగిలినా వంగదు" అని మురియువారు కలరు. వంగకపోవుటయే దాని దోషము! శక్తి అనగా బలమును దూరముచే గుణింపగా వచ్చునది. వంగు దూరము తగ్గినకొలది బలము పెరుగును, ఆ బలము ఫ్రేముకు చేరును. పైగా మలుపులో బండి ఒరిగినపుడు వెడల్పు గార్డు నేలను తాకి చక్రమును లేపివేయవచ్చును. జారునపుడు డివైడరు అంచును పట్టుకొని బండిని పల్టీ కొట్టింపవచ్చును.

"కాళ్లనైనను కాపాడునుగదా?" అందురు. దీనికి పరిశోధన సమాధానమున్నది. అమెరికాలో హ్యారీ హర్ట్ బృందము లాస్ ఏంజిల్స్ ప్రాంతములో 900 మోటారు సైకిలు ప్రమాదములను స్వయముగా పరిశీలించి 1981లో నివేదిక వెలువరించినది. గొట్టపు గార్డుల వలన చీలమండ, పాదముల గాయములు తగ్గిన మాట నిజమే. కాని తొడ, మోకాలు, పిక్కల గాయములు అంతకు అంతగా పెరిగినవని వారు తేల్చిరి. అనగా మనిషి విషయములో లాభనష్టములు సరికి సరి.

అయినచో మనిషిని కాపాడునదేది? గంటకు 60 కిలోమీటర్ల వేగమనగా 14 మీటర్ల ఎత్తునుండి, సుమారు నాలుగంతస్తుల మేడపైనుండి, పడినవాడు నేలను చేరు వేగము. ఇది విన్న విద్యార్థి, "మరి ఆ వేగమున పడి లేచి నడచిపోయినవారు ఉన్నారే?" అని అడుగవలెను. ఆ వేగము రోడ్డుకు సమాంతరముగా నున్నది. నేలవైపు వేగము మాత్రము సీటు ఎత్తునుండి పడినంతయే. ఎదుట అడ్డు లేనిచో మనిషి కూడ జారుచు ఆగును. ఘర్షణ గుణకము 0.6 అనుకొన్నచో 24 మీటర్ల దూరము, దాదాపు మూడు సెకనులు. ఆ మూడు సెకనులు చర్మమునకును కంకరకును నడుమ ఏమున్నదనునదే ప్రశ్న. పలుచని చొక్కా మొదటి క్షణముననే చినుగును. తోలు, లేదా అందుకై నేసిన మందపు బట్టతో చేసిన జాకెట్టు, చేతితొడుగులు నిలుచును. ఉపాధ్యాయులు ఇటుకకు ఒకసారి చొక్కా గుడ్డ, మరొకసారి జీన్సు గుడ్డ చుట్టి, త్రాసు స్ప్రింగుతో గరుకు నేలపై లాగించినచో ఘర్షణ గుణకమును, గుడ్డ చినుగు తీరును ఒకేసారి చూపవచ్చును.

జాకెట్టులో మోచేయి, భుజముల వద్ద పెట్టు మెత్తలకు ఐరోపా ప్రమాణము ఈ.ఎన్. 1621-1 కలదు. 50 జౌల్‌ల దెబ్బ కొట్టినపుడు మెత్త దాటి వచ్చు బలము సగటున మొదటి తరగతిలో 35, రెండవ తరగతిలో 20 కిలోన్యూటనులకు మించరాదు. ఆ గుర్తులేని మెత్త వట్టి స్పంజి.

తల విషయము వేరు. 1935 మే నెలలో ఇంగ్లండులో టి. ఇ. లారెన్సు మోటారు సైకిలు ప్రమాదములో తలకు దెబ్బ తగిలి, ఆరు దినములు స్పృహ లేక మరణించెను. ఆయనకు వైద్యము చేసినవారిలో ఒకరైన హ్యూ కెయిర్న్స్ అను మెదడు శస్త్రవైద్యుడు తరువాత సైనిక మోటారు సైకిలు వాహకుల మరణములను పరిశీలించి, శిరస్త్రాణపు విలువను 1941లో ప్రకటించెను. దాని సూత్రము మిక్కిలి సులభము. పడిన ఎత్తును ఆగిన దూరముచే భాగించినచో తలపై సగటు మందనము గురుత్వ త్వరణమునకు ఎన్నింతలో తెలియును. ఒకటిన్నర మీటరు ఎత్తునుండి పడిన తల రాతిపై 2 మిల్లీమీటర్లలో ఆగినచో 750 ఇంతలు. హెల్మెట్టు లోని థర్మకోలు 2 సెంటీమీటర్లు నలిగి ఆపినచో 75 ఇంతలే. పై డిప్ప గాక, నలుగు ఆ పొరయే ప్రాణము. మన దేశములో 2021 జూన్ 1 నుండి ఐ.ఎస్.ఐ. గుర్తులేని ద్విచక్ర హెల్మెట్టులను తయారు చేయుటగాని అమ్ముటగాని నిషిద్ధము. గడ్డము క్రింది పట్టీ బిగింపనిచో మొదటి కుదుపునకే అది ఎగిరిపోవును.

మన ప్రాంతపు ప్రమాదమొకటి పుస్తకములలో కానరాదు. సాగర్ ఎడమ కాలువ క్రింది ఊళ్లలో కోతల కాలమున వడ్లు రోడ్డుపై ఆరబోయుదురు, అంచున రాళ్లు పేర్తురు, రాత్రి నల్లని పట్టా కప్పుదురు. కల్లము లేని రైతు మరెక్కడ ఆరబోయును? అది వేరు చర్చ. చక్రము క్రింద వడ్లగింజలు బేరింగు గుండ్లవలె దొర్లును. 2019 ఏప్రిల్ నుండి 125 సి.సి. మించిన కొత్త బండ్లన్నిటికిని ఏ.బి.ఎస్. తప్పనిసరి యైనది. అది చక్రము బిగుసుకొనకుండ చూచును, అంతే. లేని ఘర్షణను అది పుట్టింపలేదు. అట్లే, రోడ్డు ప్రక్క దీపము లేక ఆగిన లారీ వద్ద జారుటకు 24 మీటర్ల ఖాళీ యుండదు. అక్కడ స్లైడరు గాని జాకెట్టు గాని చేయగలిగినది స్వల్పము.

కావున సొమ్ము పరిమితమైనపుడు వరుస ఇది: హెల్మెట్టు, వెనుక కూర్చున్నవారికి మరొకటి, చేతితొడుగులు, జాకెట్టు, ఆ తరువాత స్లైడరు. స్లైడరు బిగించునపుడు ఇంజను బోల్టును తయారీదారు చెప్పిన బిగువుకే టార్కు రెంచితో బిగింపవలెను, అంచనాతో గాదు. ఒకసారి గట్టిగా పడిన పిదప దిమ్మె బాగున్నట్లు కనబడినను బోల్టును తీసి చదునైన గాజు పలకపై దొర్లించి చూడవలెను. అది ఎగుడుదిగుడుగా దొర్లినచో మార్చవలెను. పడిన హెల్మెట్టుకు ఈ పరీక్ష కూడ అక్కరలేదు. నలిగిన థర్మకోలు తిరిగి లేవదు, అది పైకి కనబడదు. దానిని మార్చవలసినదే.