మోకాళ్ళు నిజంగా అరుగుతాయా?

గోదావరిఖనిలో బొగ్గుబావి పని నుంచి విరమించిన ఒక పెద్దాయనతో ఇటీవల మాట్లాడుతూ మోకాళ్ళ సంగతి అడిగాను. "ముప్పై ఏండ్లు తట్ట, చెమ్మసు పట్టిన సారూ. చిప్పలు అరిగిపోయినయి. బండి బేరింగు అరిగినంక ఎవడేం చేస్తడు?" అన్నారాయన. రామగుండం గనుల ప్రాంతంలో ఈ మాట వినిపించని వాడ లేదు. ఈ మాటలో కొంత సత్యం ఉన్నది. కాని ఇందులోని పొరపాటు చిన్నది కాదు. బేరింగు తిరిగినకొద్దీ అరుగుతుంది కాబట్టి, కాలు కదపకుండ ఉంటే మోకాలు నిలుస్తుందని చాలమంది నమ్మి మంచం పట్టుతున్నారు. మన కీలు ఇనుప సామాను కాదు. అది జీవం గల పదార్థం.

అరిగినదని మనం చెప్పుకొనేది నిజానికి చిప్ప కాదు. కీలులో ఎముకల కొనలను కప్పి, నునుపైన తెల్లని పొర ఒకటి ఉన్నది. దానిని మృదులాస్థి అంటారు. దాని మందం కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే. మెట్లు ఎక్కేటప్పుడు మన శరీర బరువుకు కొన్ని రెట్ల భారం దానిపై పడుతుంది. ఐనా ఆ పొర బరువులో నూటికి 65 నుంచి 80 పాళ్ళు నీరే! నీరు ఇంత భారాన్ని ఎట్లా మోయగలదు? ఆ నీటిని పట్టి ఉంచే పదార్థాలే ప్రోటియోగ్లైకాన్లు.

పేరు నోరు తిరగనిదే కాని, ఆకారం మనకు పరిచితమైనదే. ఈతమట్టను తలచుకొనండి. నడిమి ఈనె మాంసకృత్తు. ఇరుప్రక్కల ఆకులు కాండ్రాయిటిన్ సల్ఫేటు, కెరటాన్ సల్ఫేటు అనే చక్కెర జాతి గొలుసులు. మృదులాస్థిలోని ముఖ్యమైన ప్రోటియోగ్లైకాన్ పేరు అగ్రెకాన్. దాని ఒక్క ఈనెకు సుమారు నూరు కాండ్రాయిటిన్ గొలుసులు ఉంటాయి. పెళ్ళిపందిరిలో త్రాటికి మట్టలు కట్టినట్లు, ఈ అగ్రెకాన్లు హయలురోనాన్ అనే పొడవైన గొలుసుకు వరుసగా తగులుకొని ఉంటాయి. ఈ బంధాన్ని 1972లో ఇంగ్లండులో హార్డింగ్‌హామ్, హెలెన్ మ్యూర్ అనే శాస్త్రజ్ఞులు వెల్లడించారు. మ్యూర్ 1920లో మన దేశంలోని నైనీతాలులో జన్మించిన విదుషి.

ఆ గొలుసుల నిండ ఋణ విద్యుత్తు ఉన్నది. అది సోడియం అయానులను, వాటి వెంట నీటిని లోపలికి లాగుతుంది. ఆ విధంగా అగ్రెకాన్లు ఉబ్బిపోవాలని చూస్తాయి. చుట్టూ ఉన్న కొల్లాజెన్ పోగుల వల వాటిని ఉబ్బనీయదు. గోనెసంచి నిండ శనగలు పోసి, మూతి బిగించి నానవేస్తే సంచి రాయివలె బిగుసుకుంటుంది గదా! మోకాటి బలం ఇటువంటిదే. అడుగు మోపినప్పుడు కొంత నీరు వెలికి పోతుంది. కాలు ఎత్తినప్పుడు తిరిగి లోనికి వస్తుంది. ఈ పొరలో రక్తనాళాలు లేవు. లోపలి జీవకణాలకు ఆహారం కీలులోని ద్రవం నుంచే అందాలి. కదలిక అందుకు తోడ్పడుతుంది.

ఆ కణాలు పాత అగ్రెకాన్లను తెంచి, కొత్తవి అల్లుతూ ఉంటాయి. తెంచే కత్తెరలు ఎంజైములు. వాటిలో ముఖ్యమైన ఆడమ్‌టీఎస్-4, ఆడమ్‌టీఎస్-5 అనే రెండింటిని 1999లో గుర్తించారు. దెబ్బ తగిలినా, భారం మితిమీరినా, వాపు నిలిచిపోయినా, అల్లికను తెంపు మించిపోతుంది. ఈనె తెగి, నీటిని పట్టే గొలుసులతో కూడిన భాగం కీలు ద్రవంలోకి కొట్టుకుపోతుంది. పొర మెత్తబడుతుంది. పిదప కొల్లాజెన్ వల చిరుగుతుంది. పోయిన అగ్రెకాన్లను కణాలు కొంతవరకు తిరిగి అల్లగలవు. చిరిగిన వలను పెద్దవారిలో తిరిగి అల్లడం దాదాపు అసాధ్యం. మృదులాస్థిలో నాడులు కూడ లేవు. కాబట్టి ఈ నష్టం తొలిదశలో నొప్పి లేకుండానే సాగిపోతుంది.

ఒంగి, మోకరిల్లి, బొగ్గు నింపిన తట్టను టబ్బులోకి ఎత్తి పోసిన వారికి ఈ భారం ఏ పాటిదో వేరే చెప్పనక్కరలేదు. 1952లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే వైద్యులు ఇంగ్లండులోని గని కార్మికుల కీళ్ళకు ఎక్స్‌రేలు తీసి చూసి, కార్యాలయ ఉద్యోగులలో కంటె వీరి మోకాళ్ళలో చెడుపు ఎక్కువగా ఉన్నదని తెలియజేశారు. నేడు సింగరేణిలో యంత్రాలు చాల భాగం ఈ పనిని అందుకొన్నవి. కాని నాడు చెమ్మసు పట్టిన వారు నేడు మన ఇండ్లలో పెద్దలు.

మరి కదలకుండ ఉంటే మేలా? 1979లో ప్రకటించిన ఒక ప్రయోగంలో కుక్కల కాళ్ళను కదలకుండ కట్టివేయగా, ఆరోగ్యంగా ఉన్న మోకాళ్ళలోనే అగ్రెకాన్ల కూర్పు చెడినది. కట్టు విప్పి నడవనిచ్చిన తరువాత సరిపడినది. అతి భారం ఎంత కీడో, అతి విశ్రాంతి కూడ అంత కీడు.

మందుల మాట కూడ చెప్పాలి. గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్ మాత్రలకు ఎన్నో కుటుంబాలు డబ్బు వెచ్చిస్తున్నవి. 2006లో వెలువడిన అమెరికా దేశపు పెద్ద పరీక్షలో, మొత్తంమీద ఇవి మందు లేని మాత్ర కంటె చెప్పుకోదగిన మేలు చేయలేదు. ఆడమ్‌టీఎస్-5 లేని ఎలుకలలో మృదులాస్థి నష్టం తగ్గినదని 2005లో తేలగా ఆశలు చిగురించినవి. కాని ఆ కత్తెరను అడ్డే మందు ఒకటి 2020లో మనుషులపై జరిగిన పరీక్షలో నెగ్గలేదు.

ప్రస్తుతానికి మన చేతిలో ఉన్నవి సామాన్యమైన ఉపాయాలే. శరీర బరువు తగ్గించుకొనడం, తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామం, ఓర్చుకోగలిగినంత నడక. వాపు ఎక్కిన రోజున విశ్రాంతి తీసుకొని, అది తగ్గకపోతే వైద్యునికి చూపించాలి. పెద్దాయనతో నేను ఇదే చెప్పాను: "బేరింగుకు ప్రాణం లేదు, పెద్దాయనా. మీ మోకాటికి ఉన్నది. దానికి తిండి మీ నడకే." ఆయన నవ్వి, గోడ వదలి, మెల్లగా ఒక మెట్టు దిగారు.