పొగలేని పొయ్యి - పొగగొట్టపు సంరక్షణ

వంటయింటి పొగ గృహిణులకు మాత్రమే సంబంధించినదని పంచాయతీ సభ్యులు తలపరాదు. దానివలన కన్నులు మండుటయే కాక, తల్లి ప్రక్కన కూర్చుండు పసిబిడ్డలకు నిమ్ము చేయు ప్రమాదము కూడ కలదు.

ఈ పొయ్యి మనకు క్రొత్తది కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన ఎస్.పి. రాజు గారు 1953లోనే మట్టితో కట్టదగిన పొగలేని పొయ్యిని గూర్చి పుస్తకము ప్రచురించిరి. 1980 దశకమున కేంద్రప్రభుత్వము ఇట్టి పొయ్యిలను దేశమంతట కట్టింప మొదలిడినది. 2002లో ఆ పథకము ముగిసినది. కట్టినవానిలో అనేకము మూలబడినవి. గొట్టములలోని మసిని తీయువారు లేకపోవుట అందులకొక ముఖ్య కారణము.

వేడిగాలి తేలికయై గొట్టమున పైకి పోవును. దాని స్థానమునకు పొయ్యినోటి నుండి క్రొత్తగాలి వచ్చును. కుండ కూర్చుండు రంధ్రమున సందు మిగిలినచో ఈ ఈడ్పు చెడి, పొగ ఇంటిలోనికే మరలును. కావున ఇంటనున్న పాత్రలను కొలిచిన పిమ్మటనే రంధ్రములు వేయవలెను. గొట్టము కప్పునకు పైన ఇంచుమించు రెండడుగులు లేచియుండవలెను. పూరికప్పు గుండ పోవుచోట చుట్టును జానెడు మేర పూరిని తొలగించి రేకు అమర్చవలెను. ఇచ్చట అశ్రద్ధ చేసినచో ఇల్లే కాలును.

నేడు గ్యాసు పొయ్యి అనేకుల ఇండ్లకు వచ్చినది, సంతోషమే. కాని సిలిండరు అయిపోయిన దినములలోను, స్నానపు నీళ్లకును కట్టెపొయ్యి మరల వెలుగుచునేయున్నది.

పొయ్యి కట్టించునాడే మసి దులుపు పని ఎవరిదో తేల్చుకొనుడు. పొయ్యి చల్లారిన తరువాత, కొబ్బరిపీచు ముద్దను త్రాటికి కట్టి నెలకొకసారి గొట్టమున లాగిన చాలును. కప్పు ఎక్కలేని వృద్ధుల ఇండ్లకు పంచాయతీయే మనిషిని పంపవలెను.