నక్షత్రముల ఛాయాచిత్రములు: ఇంటిల్లిపాదికి ఒక వ్యాసంగము

1980వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీ మధ్యాహ్నము సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ రాయచూరు మీదుగా వచ్చి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములపై సాగిపోయినది. ఇక్కడికి ఈశాన్యమున జపాల్-రంగాపురములో, ఉస్మానియా విశ్వవిద్యాలయపు వేధశాలయందు, శాస్త్రజ్ఞులు దానికై పరికరములు అమర్చుకొని వేచియుండిరి. గద్వాలలోని మా యింట మాత్రము తలుపులు మూసి, నీళ్లబిందెలపై గరిక వేసి, అందరును లోపల కూర్చుండిరి. పట్టపగటి చీకటి మూడు నిమిషములైనను నిలువలేదు. దాని చిత్రము మా యింట ఒక్కటియు లేదు. ఆ లోటు తలపునకు వచ్చుటచేతనే కాబోలు, పిల్లలు రాత్రి ఆకాశమును కెమేరాతో పట్టెదమని అడిగినపుడు మేము మారుమాటాడక ఒప్పుకొంటిమి.

కోతలైన వేరుసెనగ చేనిలో ముక్కాలి పీటపై కెమేరా నిలిపి, కృత్తికలవైపు త్రిప్పి, రెండు నిమిషములు తెరచి యుంచితిమి. చుక్కలకు బదులు గీతలు వచ్చినవి! కెమేరా కదలినదని ఒకరినొకరు నిందించుకొంటిమి గాని, కదలినది భూమి. దాని భ్రమణముచే ఆకాశము గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుచున్నట్లు కనబడును. రెండు నిమిషములలో నక్షత్రము నిండుచంద్రుని వెడల్పంత దూరము జరుగును. కనుక కదలని కెమేరాతో కొలది సెకనులే తెరచి యుంచవలెను. సాధారణమైన 50 మిల్లీమీటర్ల కటకమునకు పది సెకనులు, 24 మిల్లీమీటర్ల వెడల్పు కటకమునకు ఇరువది సెకనులు చాలును. అట్టివి పదునారు తీసి కంప్యూటరులో ఒకదానిపై నొకటి పేర్చినచో చిత్రములోని రవ్వరవ్వల మచ్చ నాలుగవ వంతునకు తగ్గును.

అంతకంటె ఎక్కువసేపు తెరచి యుంచవలెనన్నచో కెమేరాను ఆకాశముతోపాటు త్రిప్పవలెను. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాలలోను ఇదే సమస్య. 1887లో పారిసులో తలపెట్టిన అంతర్జాతీయ నక్షత్రపటమునకై అచ్చట ఎనిమిది అంగుళముల కటకముగల ఛాయాగ్రహణ దూరదర్శినితో ఆకాశములో తమ వంతునకు వచ్చిన పట్టీని గాజుపలకలపై చిత్రించి, లక్షలాది నక్షత్రముల స్థానములు కొలిచిరి. 1918 నుండి టి. పి. భాస్కరన్ గారి ఆధ్వర్యమున ఆ పని ఏండ్ల తరబడి సాగినది.

వారి యంత్రము చేయు పనిని మన యింట రెండు చెక్కలు చేయగలవు. అడుగు పొడవుగల రెండు పలకలను ఒక కొసన తలుపు బందుతో కలిపింపుడు. బందు ఇరుసు నుండి 22.85 సెంటీమీటర్ల దూరమున క్రింది పలకకు మరలు తీసి, 6 మిల్లీమీటర్ల బోల్టు బిగింపుడు. దాని మరల నడుమ దూరము సరిగా ఒక మిల్లీమీటరు ఉండవలెను. కెమేరా పై పలకమీద నుండును. ఉత్తరముగా నిలిచినపుడు బందు ఎడమచేతి వైపున ఉండి, దాని ఇరుసు ధ్రువనక్షత్రమును చూపవలెను. మన ప్రాంతమున ధ్రువుడు దిఙ్మండలమునకు సుమారు 16 డిగ్రీల ఎత్తుననే యుండును. చేయి చాచి పట్టిన పిడికిలికి ఒకటిన్నర రెట్లు. ఇక బోల్టును నిమిషమున కొక చుట్టు చొప్పున త్రిప్పినచో కెమేరా ఆకాశము వెంట నడచును. మా యింట పెద్దపిల్ల గడియారము చూచి సెకనులు లెక్కించును, చిన్నవాడు బోల్టు త్రిప్పును. తుమ్ము వచ్చినచో చిత్రము పోవును!

మా అవ్వ కృత్తికలను పిల్లలకోడి యనును. ఆమె కంటికి ఆరే చుక్కలు. మా రెండు నిమిషముల చిత్రములో పిల్లలు నలుబదివరకు లెక్కించి అలసిరి. "ఇన్ని పిల్లలను ఆ కోడి ఎక్కడ దాచినదిరా!" యని అవ్వ చాలసేపు ఆ చిత్రమును విడువలేదు.

ఊరి దీపములకు పది మైళ్ల దూరము పోగలిగిన మేలు. నడిగడ్డ చేలు, కృష్ణ ఒడ్డు మాకు అనుకూలముగా నున్నవి. నాగర్‌కర్నూలు వారు నల్లమల చీకటికి ఆశపడరాదు. మన్ననూరు దాటిన దారి పులుల అభయారణ్యములోనిది, రాత్రి మూసియుండును. పొలములలోను తేళ్లు, పాములు ఉండును. పాదరక్షలు తొడుగుకొని, టార్చిలైటుకు ఎఱ్ఱగుడ్డ చుట్టుకొని పోవలెను. ఎఱ్ఱని వెలుగు చీకటికి అలవడిన కంటిని చెరుపదు. కెమేరాను పగలు సూర్యునివైపు త్రిప్పరాదని పిల్లలకు ముందుగనే చెప్పవలెను.

పాలపుంత నడిబొడ్డు మనకు 44 డిగ్రీల ఎత్తునకు వచ్చును. లండనువారికి అది పదిడిగ్రీలైనను లేవదు. మార్చి మాసమున తెల్లవారుజామున, మే మాసమున అర్ధరాత్రి దాటిన పిదప, వృశ్చికపు కొండి ప్రక్కన వెదకవలెను. జూనులో మబ్బులు కమ్మును. కనుక బందు, బోల్టు సంక్రాంతి లోపుననే సిద్ధము చేసికొని, చంద్రుడు లేని మొదటి రాత్రి కృత్తికలతో ఆరంభింపుడు.