బాడుగ కంటే ముందు నీళ్లు అడగండి

బెంగళూరు అద్దెలు భరించలేక, ఇంటి నుంచే ఉద్యోగం కదా అని కర్నూలుకో కడపకో వచ్చేద్దామనుకునే సీనియర్లు ఈమధ్య ఎక్కువయ్యారు. నాది కర్నూలు కాబట్టి ఇల్లు చూసిపెట్టమని నన్నే అడుగుతారు. ఇలా రావడం కొత్తేమీ కాదు. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయినప్పుడు, మద్రాసు నుంచి వచ్చినవాళ్లకు వసతి చాలక గుడారాలు వేశారు. ఇప్పుడు ఇళ్లకు కొదవ లేదు. పేచీ అంతా నీళ్లతోనే.

ఓనరు "బోరుంది" అంటాడు. ఏప్రిల్, మే నెలల్లో కూడా పోస్తుందా? కొళాయి ఎన్ని రోజులకోసారి వస్తుంది? సంపు ఉందా? ట్యాంకరు పట్టేంత సందేనా? ఇవి ఓనరుని కాదు, పక్క పోర్షన్లో ఉండే అక్కను అడగాలి. ట్యాంకర్ల ఖర్చు కలిపితేనే అసలు బాడుగ తేలుతుంది. అన్నిటికంటే పై పోర్షన్ చవగ్గా ఇస్తారు, కానీ మేలో రాత్రి పదింటికి కూడా స్లాబు సెగ కొడుతుంది. కూలరు పెడితే దానికీ నీళ్లే కావాలి!

కరువు సీమలో వరద గురించి అడగడమేంటని నవ్వొద్దు. కర్నూలు తుంగభద్ర, హంద్రీ కలిసేచోట ఉంది. 2009 అక్టోబరులో ఊరు మునిగింది. కడపలోనైతే ఊరి మధ్యలోంచే బుగ్గవంక పోతుంది. కర్నూల్లో "అప్పుడు నీళ్లు ఎంతవరకొచ్చినాయి?" అని అడిగితే, వీధిలో పెద్దవాళ్లు గోడమీద చెయ్యిపెట్టి చూపిస్తారు. ఆ చెయ్యి మీ నడుం దాటితే పై పోర్షనే తీసుకోండి, సెగ సంగతి కూలరు చూసుకుంటుంది.